ఎడమచేతి వాటం వారు మొదటి పిస్టల్‌ను ఎలా ఎంచుకోవాలి?

దాదాపు ప్రతి పిస్టల్ కుడిచేతి బొటనవేలిని దృష్టిలో పెట్టుకుని రూపొందినదే. మ్యాగజైన్‌ను (తూటాల పెట్టెను) వదిలే బటన్, తుపాకీ పైభాగాన ముందుకూ వెనక్కీ జరిగే స్లైడ్‌ను ఆపి ఉంచే మీట, చాలా మోడళ్లలో సేఫ్టీ మీట కూడా తుపాకీకి ఎడమ పక్కనే ఉంటాయి. కుడిచేత్తో పట్టుకున్నవారి బొటనవేలు సరిగ్గా వాటి మీద వాలుతుంది. అదే తుపాకీని ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు అవతలి పక్కకు, ఏ మీటా లేని నున్నటి లోహం మీదికి చేరుతుంది.

ఇది చూసి కొత్తవారు రెండు తప్పుడు సలహాల్లో ఏదో ఒకటి నమ్ముతారు. కుడిచేత్తోనే నేర్చుకొమ్మనేది ఒకటి, ఎడమచేతి కోసం ప్రత్యేకంగా చేసినదే వెతుక్కొమ్మనేది రెండోది. రెండూ అనవసరం. అచ్చంగా ఎడమచేతికే చేసిన పిస్టళ్లు చాలా అరుదు, ఖరీదెక్కువ, విడిభాగాలు దొరకడం కష్టం. మీకు కావలసింది రెండు చేతులకూ ఒకేలా పనిచేసే పిస్టల్. అలాంటివి ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి.

దుకాణానికి వెళ్లే ముందు మీరుండే చోట తుపాకీ కొనడానికి, దగ్గర ఉంచుకోవడానికి చట్టం ఏం చెబుతోందో తెలుసుకోండి. లైసెన్సు రాకముందే మోడల్ ఖాయం చేసుకుంటే, ఆ కాలిబర్‌కు (తూటా పరిమాణానికి) అనుమతి లేదని తర్వాత తెలియవచ్చు.

1. ముందు కన్ను, ఆ తర్వాత చేయి

రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు వదలండి. రెండు కళ్లూ తెరిచి, దూరంగా ఉన్న ఒక వస్తువును ఆ సందులోంచి చూడండి. ఇప్పుడు ఒక్కొక్క కన్నే మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలిచి ఉంటుందో అదే మీ ప్రధాన నేత్రం.

ఎడమచేయి, ఎడమ కన్ను కలిస్తే చిక్కే లేదు. ఎడమచేతి వాటం ఉండి కుడి కన్ను ప్రధానమైతే కొందరు కంగారుపడి చేయి మార్చేస్తారు. భుజానికి ఆనించే రైఫిల్‌తో ఇది నిజంగానే ఇబ్బంది. పిస్టల్ విషయంలో అంత పట్టింపు లేదు. చేతులు చాపి పట్టుకుంటారు కాబట్టి తుపాకీని కాస్త పక్కకు, కుడి కంటి ఎదుటికి తెచ్చుకుంటే సరిపోతుంది. తలను భుజం మీదికి వాల్చకండి, మెడ పట్టేస్తుంది.

చేయి మార్చడం అసాధ్యమని కాదు. హంగరీ షూటర్ కారోలి టకాక్స్ కుడిచేతి వాటం వాడు. 1938లో సైనిక శిక్షణలో ఉండగా గ్రెనేడ్ పేలి ఆ చేయి ఛిద్రమైంది. ఎడమచేత్తో మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని, 1948 లండన్ ఒలింపిక్స్‌లోనూ 1952 హెల్సింకీలోనూ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో స్వర్ణం గెలిచాడు. అయితే ఆయనకు వేరే దారి లేదు. దుకాణంలో ఉన్న తుపాకీ నచ్చిందని చేయి మార్చుకోవలసిన అవసరం మీకు లేదు.

2. దేనికోసమో తేల్చుకోండి

క్రీడగా నేర్చుకునేవారు గాలి ఒత్తిడితో పనిచేసే, 10 మీటర్ల దూరపు లక్ష్యాన్ని కాల్చే ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెడితే మేలు. చప్పుడు తక్కువ, వెనక్కి తన్నడం దాదాపు ఉండదు, ట్రిగ్గర్ మీద శ్రద్ధ మొదటి రోజు నుంచే అలవడుతుంది. ఎడమచేతి వాటం వారు అసలు రాజీ పడకూడనిది కూడా ఇక్కడే. పోటీల ఎయిర్ పిస్టళ్ల చెక్క పిడిని అరచేతి ఆకారానికి చెక్కుతారు, కింద చేయి ఆనడానికి ఒక గట్టు ఉంటుంది. కుడిచేతికి చెక్కిన పిడి ఎడమచేతిలో ఇమడదు. బలవంతంగా పట్టుకున్నా గురి నిలవదు. స్టెయర్, మోరిని, ఫైన్‌వెర్క్‌బావు, పార్దిని, వాల్తర్ వంటి సంస్థలు ఎడమచేతి పిడిని విడిగా ఇస్తాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగండి, పరిమాణం కూడా చెప్పండి. తూటా పెట్టేందుకు తెరిచే మీట ఏ పక్క ఉందో, మార్చే వీలుందో లేదో చూడండి. ఈ విభాగంలో పిస్టల్ బరువు 1,500 గ్రాములు దాటకూడదు, ట్రిగ్గర్ నొక్కడానికి కనీసం 500 గ్రాముల బలం అవసరమయ్యేలా ఉండాలి. తేలిక ట్రిగ్గర్ ఉందని సెకండ్‌హ్యాండ్ పిస్టల్ కొనేవారు ఈ రెండో అంకె మరచిపోకూడదు.

మందుగుండు తూటాతోనే మొదలుపెట్టాలనుకుంటే .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) కాలిబర్‌ను మించినది లేదు. తూటా చవక, తన్ను స్వల్పం. పెద్ద కాలిబర్‌తో మొదలుపెట్టినవారిలో చాలామంది పేలుడుకు ముందే కళ్లు మూసి, మణికట్టును కిందికి నొక్కడం నేర్చుకుంటారు. ఆ అలవాటు పోగొట్టుకోవడం కొత్తది నేర్చుకోవడం కన్నా కష్టం. 9 మిల్లీమీటర్లకు తర్వాత వెళ్లవచ్చు. అప్పుడు కూడా జేబులో పట్టే బుల్లి పిస్టల్ జోలికి పోవద్దు. తేలికగా, ముద్దుగా కనిపించే ఆ తుపాకీయే చేతిని ఎక్కువగా కుదిపేస్తుంది. కాస్త బరువుగా, సుమారు 10 సెంటీమీటర్ల బారెల్ ఉన్నది కొత్తవారికి అనువు.

3. పట్టుకుని చూడండి

తుపాకీని అందుకోగానే మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితో చూడండి. అమ్మేవారు చూపించినా మళ్లీ మీరే చూడాలి. ఎడమచేతి వాటం వారికి ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. తూటా బయటకు వచ్చే కిటికీ కుడి పక్కన ఉంటుంది. స్లైడ్‌ను కుడిచేత్తో పైనుంచి పట్టుకుని లాగితే అరచేయి ఆ కిటికీనే మూసేస్తుంది. అందుకే స్లైడ్ వెనుక అంచున, గాడుల దగ్గర పట్టుకోండి. బయటకు రాబోయే తూటాను అరచేత్తో ఒడిసిపట్టే ప్రయత్నం ఎన్నడూ చేయకండి. చేతి అడ్డంతో తూటా చిక్కుకుని అక్కడే పేలిన సందర్భాలున్నాయి. తుపాకీ నోరు సురక్షితమైన దిశలోనే ఉండాలి, వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. ఇది దుకాణంలోనూ తప్పదు.

ఇక పిడి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ పిడి పైఅంచుకు గట్టిగా ఆనాలి. బారెల్, ముంజేయి ఒకే గీతలో రావాలి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి. వేలు సాగదీయవలసి వస్తే పిడి పెద్దది, వేలు మడిచినట్టు ఉంటే చిన్నది. పిడి వెనుక పలకలు మార్చుకునే మోడళ్లు చాలా ఉన్నాయి. హెకలర్ అండ్ కాక్ వీపీ9కి పక్క పలకలు కూడా మారతాయి. ఎడమ పక్క ఒక మందం, కుడి పక్క మరో మందం బిగించుకోవచ్చు. కొన్ని గురి పిస్టళ్లకు కుడిచేతి బొటనవేలి కోసం ఎడమ పక్క ఒక మెట్టులాంటిది ఉంటుంది. అది మీ అరచేతిలో గుచ్చుకుంటుంది. అలాంటిది పక్కన పెట్టేయండి.

4. మీటలను ఒక్కొక్కటిగా పరీక్షించండి

తుపాకీ ఖాళీగా ఉందని ఇంకోసారి చూసుకున్నాకే ఈ పరీక్ష.

సేఫ్టీ మీట, మ్యాగజైన్ బటన్, స్లైడ్ మీట అనే మూడింటిలో సేఫ్టీ ముఖ్యం. ఎడమ పక్క మాత్రమే సేఫ్టీ ఉంటే, దాన్ని తీయడానికి మీరు పట్టు సడలించి చూపుడువేలు వాడాలి, లేదా రెండో చేతిని తేవాలి. కొత్తవారి విషయంలో రెండూ ప్రమాదానికి దగ్గరి దారులే. ట్రిగ్గర్ దగ్గర ఉండవలసిన వేలికి మరో పని అప్పగించకూడదు. కాబట్టి సేఫ్టీ ఉంటే రెండు పక్కలా ఉండాలి. రూగర్ మార్క్ 4, రూగర్ ఎస్‌ఆర్22, టారస్ టీఎక్స్22 పిస్టళ్లకు అలాగే ఉంది. ఈ మూడూ .22 కాలిబర్‌వే కాబట్టి మీ జాబితాలో ముందుండవచ్చు. బెరెట్టా 92ఎఫ్‌ఎస్‌కూ సేఫ్టీ రెండు పక్కలా ఉంటుంది. సీజడ్ 75 బి మోడల్‌కు ఎడమ పక్కనే. రెండు పక్కలా మీటలు కావాలనుకునేవారి కోసం అదే సంస్థ సీజడ్ 85 తయారుచేసింది. పాత 1911 తరహా పిస్టల్ మీద మనసు పడితే, రెండు పక్కలా సేఫ్టీ అమర్చినదే చూడండి.

మ్యాగజైన్ బటన్ సంగతి అంత తీవ్రం కాదు. ఎడమ పక్క ఉన్నా చూపుడువేలితో నొక్కవచ్చు, కొందరికి అదే వేగంగా వస్తుంది కూడా. అసలు ఇబ్బంది వేరే ఉంది. గట్టిగా పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదలు ఆ బటన్‌ను తనంతట తానే నొక్కేయవచ్చు. కాల్చే మధ్యలో మ్యాగజైన్ జారి కాళ్ల దగ్గర పడితే కారణం చాలాసార్లు ఇదే. దుకాణంలోనే ఖాళీ మ్యాగజైన్ పెట్టి, పిడిని గట్టిగా పిండి చూడండి. గ్లాక్ 4వ, 5వ తరాల పిస్టళ్లు, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ, సిగ్ పీ320, వాల్తర్ పీడీపీ వంటివాటిలో ఈ బటన్‌ను కుడి పక్కకు మార్చుకోవచ్చు. వీపీ9లో బటన్‌కు బదులు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు అంచున రెండు పక్కలా చిన్న మీట ఉంటుంది. మార్చే పనే లేదు.

స్లైడ్ మీట రెండు పక్కలా ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు. స్లైడ్‌ను కుడిచేత్తో వెనక్కి లాగి వదిలితే అదే పని అవుతుంది. నిజానికి రెండు పక్కలా ఉన్నప్పుడే ఒక కొత్త గొడవ మొదలవుతుంది. బొటనవేలు ఆ మీట మీద ఆనిందంటే, తూటాలు అయిపోయినా స్లైడ్ వెనక్కి నిలవదు. తుపాకీ పాడైందనుకుని వెనక్కి తెచ్చి ఇచ్చేవారు ముందు తమ బొటనవేలు ఎక్కడుందో చూసుకోవాలి.

5. రివాల్వర్ సంగతి

రివాల్వర్‌కు మీటల బెడద తక్కువ, కానీ సాధారణంగా తూటాల చక్రం ఎడమ పక్కకే తెరుచుకుంటుంది, తెరిచే మీటా అటే ఉంటుంది. ఎడమచేతిలో పట్టుకుని తూటాలు నింపడం మొదట్లో గందరగోళంగా ఉంటుంది. నిదానంగా చేస్తే అలవడుతుంది. చార్టర్ ఆర్మ్స్ సంస్థ అద్దంలో ప్రతిబింబంలా తిప్పి చేసిన సౌత్‌పా అనే .38 రివాల్వర్‌ను తెచ్చింది. అది చిన్న తుపాకీ, అందుకే కొత్తవారికి నేను చెప్పను. చిత్రంగా, 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్‌కు తూటాలు నింపే తలుపు కుడి పక్క ఉంటుంది. ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో హాయిగా నింపుకోవచ్చు. ఏ రివాల్వర్‌లోనైనా చక్రం ముందు అంచు దగ్గరికి వేళ్లు పోనివ్వకండి, ఆ సందులోంచి వేడి వాయువులు పక్కకు చిమ్ముతాయి.

6. ఖాళీ తూటా తొడుగులు ముఖాన పడతాయా?

ఎడమచేతి వాటం వారిని అందరూ భయపెట్టేది దీంతోనే. పిస్టల్ చేతుల చివర, ముఖానికి దూరంగా ఉంటుంది. తొడుగులు కుడి పక్కకు, కాస్త వెనక్కి ఎగిరిపోతాయి. ఎప్పుడో ఒకటి మీద పడితే పడవచ్చు, అది కుడిచేతివాటం వారికీ తప్పదు. కళ్లద్దాలు, అంచున్న టోపీ, మెడ దాకా గుండీలు పెట్టిన చొక్కా ఉంటే చాలు. వేడి తొడుగు కాలర్‌లో పడితే గంతులేయకుండా తుపాకీ నోరు ముందుకే ఉంచి, దాన్ని కింద పెట్టాకే చొక్కా దులుపుకోండి. ఈ ఒక్క భయంతో పిస్టల్‌ను వదులుకోకండి.

7. కాల్చి చూసి కొనండి

కాల్పుల సాధన చేసే రేంజ్‌లో అద్దెకు ఇస్తే, నచ్చిన రెండు మూడు మోడళ్లతో ఒకే రోజు కాల్చండి. చెవులకు రక్షణ తప్పనిసరి. ప్రతిసారీ పట్టు మార్చుకోవలసి వస్తోందా, మ్యాగజైన్ జారుతోందా, చేయి ఎక్కడ నొప్పి పెడుతోందో గమనించండి. కాగితం మీద గుళ్లన్నీ ఒకే పక్కకు పడుతుంటే గురి చూసే సైట్‌ను తప్పుపట్టే ముందు ట్రిగ్గర్ వేలిని చూడండి. నేర్పేవారు కుడిచేతివాటం వారైతే పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెట్టి, తుపాకీ లేకుండా ఖాళీ చేతులతో పట్టు చూపించమనండి. వారి కుడిచేయి మీ ఎడమచేతికి అద్దంలో బొమ్మలా సరిపోతుంది.

కొన్నాక చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మ్యాగజైన్ బటన్‌ను కుడి పక్కకు మార్పిస్తే, పాత మ్యాగజైన్‌లకు ఆ పక్క గాడి ఉందో లేదో చూసుకోండి. గ్లాక్ పాత తరం మ్యాగజైన్‌లలో కొన్నింటికి ఉండదు. అవి మార్చిన బటన్‌తో నిలవవు. ఒర తీసుకుంటే ఎడమచేతిదే అని నొక్కి చెప్పండి, చాలాచోట్ల ఆర్డర్ ఇచ్చి వేచి ఉండవలసి వస్తుంది. రెండో పక్కనున్న సేఫ్టీ మీటను ఆ ఒర కదిలించకుండా ఉందో లేదో ఖాళీ తుపాకీతో పరీక్షించండి. .22 పిస్టల్‌తో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేసే ముందు మాన్యువల్ చదవండి, కొన్నింటిలో తూటాను కొట్టే సూది చాంబర్ అంచుకు తగిలి దెబ్బతింటుంది. తుపాకీని తాళం వేసి, తూటాలను విడిగా దాచండి. రేంజ్ నుంచి వచ్చాక సీసం పోయేలా చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఒంటిచేత్తో కాల్చే పోటీల వరుసలో స్థానం ఎంచుకునే వీలుంటే కుడి చివరిది అడగండి. కుడిచేతివాటం వారు ఛాతీని ఎడమకు తిప్పి నిలబడతారు, మీరు కుడికి తిప్పి నిలబడతారు. మధ్యలో నిలబడితే మీ కుడి పక్కనున్న షూటర్, మీరు రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కాల్చవలసి వస్తుంది.