ఇంగ్లీషు ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో కనుక్కోవడం ఎలా?

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు తెలియని ఇల్లుండదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆయన ఇంటిపేరుకి అర్థమేమిటని అడిగితే మాత్రం అందరూ ‘పత్తి’ అనేస్తారు. కాదండీ! పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె. ‘గుడిసెల దగ్గర’ అనే అర్థంలో కొన్ని ఊళ్లకి ఆ పేరు పడింది. కేంబ్రిడ్జిషైర్, స్టఫర్డ్‌షైర్, సఫోక్‌లలో అలాంటి ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి నుంచి వచ్చినవాళ్లకి ఊరిపేరే ఇంటిపేరైంది, మనలో గుంటూరువారు, నిడదవోలువారు ఉన్నట్టే. అందుకే నిఘంటువుతో మొదలుపెట్టొద్దంటాను.

ముందు ఒక నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకోండి. పెన్ను వద్దు, కొట్టివేతలు చాలా వస్తాయి. పాత జనన, వివాహ, మరణ రికార్డులు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్, ఫ్రీబీఎండీ సైట్లు ఉచితం, అవి చాలు. ‘మీ ఇంటిపేరు వంశచిహ్నం’ అని అమ్మేవాటికి పైసా పెట్టొద్దు. ఇంగ్లండులో ఆ చిహ్నం ఒక మనిషికీ అతని వారసులకీ ఇస్తారు, ఇంటిపేరుకి కాదు.

తర్వాత తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. జనాభా లెక్కల్లో పేర్లు 1841 నుంచి దొరుకుతాయి, ప్రభుత్వ జనన మరణ నమోదు 1837 జూలై నుంచి ఉంది. అక్కడిదాకా సులువే.

అసలు తిప్పలు అంతకుముందువైన చర్చి రిజిస్టర్లతో. ఇవి 1538లో మొదలయ్యాయి. పేరు చెప్పేవాళ్లలో చాలామందికి చదువు రాదు, గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఒకే మనిషి పెళ్లిలో ఒక స్పెల్లింగు, సమాధిలో ఇంకొకటి. కాబట్టి స్పెల్లింగు తేడా ఉందని ఏ మనిషినీ వదిలేయకండి, ఒకటే ఉందని ఎవరినీ కలిపేయకండి. తండ్రి పేరు, ఊరు, వృత్తి, ఈ మూడూ సరిపోతేనే నోటుబుక్కులో రాయండి.

తేదీలతో ఇంకా జాగ్రత్త. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 మేలో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డకి బాప్తిస్మం అని ఉంటే కంగారుపడొద్దు, పెళ్లికి ముందే బిడ్డ అని ఆ తల్లిమీద నింద వేయొద్దు. మన లెక్కలో అది 1721 ఫిబ్రవరి. పెళ్లయిన తొమ్మిదో నెల! ఈ ఒక్కటి తెలియక మంచి వంశవృక్షాలు ఎన్ని తలకిందులయ్యాయో చూశాను.

చివరికి మీకు దొరికిన అతి పాత స్పెల్లింగు తీసుకోండి. తండ్రి పేరా (జాన్సన్), వృత్తా (స్మిత్, అంటే కమ్మరి), రంగూ రూపమా (బ్రౌన్), ఊరా అని అప్పుడు తేల్చండి. ఊరైతే ఆ చర్చి చుట్టుపక్కల అలాంటి పేరున్న పల్లె కోసం మ్యాపు చూడండి. రెండు మూడు కనిపిస్తే అన్నీ రాసుకోండి. నచ్చినది ఎంచుకోవద్దు.