కోచ్‌కి ఆడుతున్నారా, ఆడట్లేదా: కిందికి జారుతున్న జట్టును చూసి పోల్చుకోవడం ఎలా

ఏప్రిల్ వచ్చిందంటే పర్లాకిమిడిలోనైనా గుణుపురంలోనైనా రాత్రిపూట ఫుట్‌బాల్ చూడటానికి ఫోన్ చుట్టూ చేరిన కుర్రాళ్ల నోట ఒకటే మాట: "ఏటి గురూ, వీళ్లు కోచ్‌కి ఆడతన్నారా? కావాలనే ఓడతన్నారు." పక్కనున్న ఒడియా స్నేహితుడు కూడా తన భాషలో అదే అంటాడు. అనడం తేలికే. మూడు గోల్స్ తిన్న ప్రతి జట్టూ కోచ్‌ని వదిలేసినట్టే ఉంటుంది. పెనాల్టీతో 1-0 గెలిచిన ప్రతి జట్టూ ఆయన కోసం ప్రాణం పెట్టినట్టే ఉంటుంది. స్కోరు చూసి చెప్పేది చిలక జోస్యం.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. జీతానికి ఆడేవాడు కోచ్ మీద ప్రేమతో గెలవడు, కోపంతో ఓడడు. జట్టు పట్టిక అడుగున ముగిసి కింది లీగ్‌కి పడితే జీతం కోత పడే షరతు ఇంగ్లండ్‌లో చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. వచ్చే ఏడాది ఏ క్లబ్బు పిలుస్తుందన్నదీ ఈ ఆట మీదే ఆధారపడుతుంది. కాబట్టి ఎవరి కోసం ఆడుతున్నారని అడిగితే జవాబు దొరకదు. "ఈయన చెప్పినట్టు చేస్తే బయటపడతాం" అన్న నమ్మకం వాళ్లలో ఉందా అని అడగాలి. ఆ నమ్మకం సడలినప్పుడు గోల్ వైపు పరుగు తగ్గదు, అది ఎవడైనా పెడతాడు. ముందుగా తగ్గేది వెనక్కి పెట్టే పరుగు. అది ఎవరూ చప్పట్లు కొట్టని పరుగు, హైలైట్స్‌లో రాని పరుగు.

ఏ మ్యాచ్, ఎప్పుడు

మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) 2014లో మొదలైంది. 2024-25 సీజన్ వరకు అందులోంచి ఆటలో ఓడి కిందికి పడిన జట్టు లేదు, అందుకే ఈ విద్య నేర్చుకోవడానికి అది పనికిరాదు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ సరైన బడి. 20 జట్లు, 38 మ్యాచ్‌లు, చివరి ముగ్గురూ కిందికి. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది. అప్పటినుంచి వాళ్ల శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లు మనకు రాత్రి 8:30కి కాకుండా 7:30కి మొదలవుతాయి. అడుగు జట్ల మ్యాచ్‌లు చాలావరకు ఆ సమయానికే పడతాయి. ఇంగ్లండ్‌లో వాటిని టీవీలో చూపించరు, మనకు మాత్రం వస్తాయి. ఈ ఒక్క విషయంలో మనం అక్కడివాళ్ల కంటే అదృష్టవంతులం.

40 పాయింట్లు వస్తే గట్టెక్కినట్టే అన్న మాటను నమ్ముకోకండి. 2002-03లో వెస్ట్‌హామ్ 42తో పడింది. 2023-24లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 4 పాయింట్ల కోత పడి కూడా 32తో నిలిచింది. చూడాల్సింది 17వ జట్టుకీ 18వ జట్టుకీ మధ్య తేడా, ఇంకా మిగిలిన మ్యాచ్‌లు. తేడా 9, మిగిలినవి 4 అయితే అక్కడ కనిపించే నీరసం కోచ్ మీద కాదు, లెక్క మీద.

కాగితం, పెన్ను, నాలుగు గడులు

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, మనకు కావాల్సింది బంతి లేనివాడు. కళింగ స్టేడియంలో స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకు ఈ తేడా తెలుసు: అక్కడ 22 మందీ ఒకేసారి కంటికి ఆనతారు. ఫోన్‌లో అలా కుదరదు కాబట్టి తెర అంచు చూడటం అలవాటు చేసుకోవాలి. గోల్ పడ్డాక రీప్లే వేస్తారు కదా, మొదటిసారి స్కోరర్‌ని చూడండి. రెండోసారి అతన్ని వదిలేసి, బంతి పోగొట్టుకున్నవాడు ఎక్కడున్నాడో వెతకండి.

90 నిమిషాలూ రాయక్కర్లేదు, రాయలేరు కూడా. నాలుగు ముక్కలు చాలు: మొదటి 15 నిమిషాలు, గోల్ తిన్న వెంటనే 5 నిమిషాలు, 60 నుంచి 75 వరకు, ఓడిపోతుంటే చివరి 10. ఒక్కోదానికి ఒక గడి గీయండి. ఒడియాలో రాసుకున్నా తెలుగులో రాసుకున్నా లెక్క ఒకటే. ప్రత్యర్థి సగంలో బంతి పోయిన ప్రతిసారీ మనసులో ఐదు లెక్కపెట్టండి. బంతికి దగ్గరగా ఉన్న ముగ్గురిలో ఎంతమంది వెనక్కి తిరిగి పరుగెత్తారు? పరుగెత్తినవాడికి నిలువు గీత, నడిచినవాడికి సున్నా. సున్నాలు మొదటి గడిలోనే నిండిపోతే అది అలసట కాదు. మొదటి గడి అంతా గీతలై మూడో గడిలో సున్నాలు పెరిగితే అది ఎక్కువగా ఊపిరి సమస్య, లేదా బెంచ్ మీద సరుకు లేకపోవడం.

రెండోది వింగర్, అంటే అంచున ముందు ఆడేవాడు. ప్రత్యర్థి ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) గీత వెంట ముందుకు దూసుకొస్తే మన వింగర్ తన పెనాల్టీ బాక్స్ దాకా వెంట వస్తాడా, మధ్యలో చెయ్యెత్తి ఇంకొకడికి చూపించి ఆగిపోతాడా? ఒకసారి ఆగడం తప్పు కాదు, అది కోచ్ ఒప్పుకున్న ఏర్పాటే కావచ్చు. ఆగిన ప్రతిసారీ లోపలున్న మిడ్‌ఫీల్డర్ ఆ ఖాళీ పూడ్చడానికి వెళ్తున్నాడంటే ఏర్పాటు ఉన్నట్టు. ఎవరూ వెళ్లకుండా ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఏర్పాటు లేదు, లేదా ఉన్నా ఎవరూ పట్టించుకోవట్లేదు.

మూడోది అన్నిటికంటే నికరమైనది, కట్‌బ్యాక్ గోల్. గోల్ గీత దగ్గరినుంచి బంతిని వెనక్కి లాగి పెనాల్టీ చుక్క దగ్గరికి ఇస్తారు, అక్కడ ఒకడు ఒంటరిగా నిలబడి కొడతాడు. ఆ పాస్ కాలు వదిలిన క్షణంలో వీడియో ఆపండి. గోల్ నుంచి చుక్కకి 11 మీటర్లు, బాక్స్ అంచుకి 16.5 మీటర్లు. ఈ రెంటి మధ్య మన జెర్సీలు ఎన్ని ఉన్నాయి? డిఫెండర్లు నలుగురూ గోల్ నోటి దగ్గర ఉంటారు, అది వాళ్ల పని. ఆ ఐదున్నర మీటర్ల పట్టీని కాపాడాల్సింది మిడ్‌ఫీల్డర్లు. అక్కడికి చేరాలంటే 30, 40 మీటర్లు బంతి లేకుండా పరుగెత్తాలి, చేరాక కూడా పదింట తొమ్మిదిసార్లు బంతి వాళ్ల దగ్గరికి రాదు. ఇంత వృథా కష్టం ఎవడు పడతాడు? పద్ధతి మీద నమ్మకం ఉన్నవాడు. వరసగా మూడు మ్యాచ్‌ల్లో ఆ పట్టీ ఖాళీగా కనిపిస్తే మిగతా గుర్తులేవీ అక్కర్లేదు.

గీతల మధ్య దూరం కొలవడానికి కూడా మైదానమే స్కేలు. మధ్య వలయం వ్యాసార్థం 9.15 మీటర్లు. డిఫెన్స్ వరసకీ మిడ్‌ఫీల్డ్ వరసకీ మధ్య దాదాపు ఆ వ్యాసార్థమంత దూరం ఉంటే సరే. వలయం మొత్తం పట్టేంత ఖాళీ పదేపదే కనిపిస్తే ముందువాళ్లు ఒక ఆట, వెనకవాళ్లు ఇంకో ఆట ఆడుతున్నట్టు. ముందువాళ్లు కోచ్ చెప్పినట్టు ప్రెస్ చేస్తుంటే, అంటే బంతి కోసం ప్రత్యర్థి మీద పడుతుంటే, వెనకవాళ్లు వేగమైన స్ట్రైకర్‌కి భయపడి దిగిపోతుంటారు. దీన్ని చాలామంది తిరుగుబాటు అనుకుంటారు. నిజానికి ఇది భయం. భయానికి మందు వేరు: వెనకవాళ్లతోపాటు ముందువాళ్లనీ కిందికి దింపడం. కోచ్ రెండో సగంలో ఆ పని చేశాడా లేదా చూడండి.

చేతులు విసరడం, మార్చినప్పుడు కోచ్‌కి చెయ్యి కలపకుండా పోవడం, కెప్టెన్ తల దించుకోవడం, వీటికి మార్కులు వెయ్యకండి. కెమెరాకి అవే ఇష్టం, అందుకే మనకు అవే గుర్తుంటాయి. బాగా ఆడుతున్న జట్లలో కూడా మార్చినవాడు అలిగే వెళ్తాడు.

తప్పుగా చదివే చోట్లు

చేతకానితనాన్ని ద్రోహం అనడం మొదటి పొరపాటు. డెర్బీ కౌంటీ 2007-08లో సీజన్ మొత్తానికి ఒక్క మ్యాచ్ గెలిచి 11 పాయింట్లతో ముగించింది. మధ్యలో కోచ్ బిల్లీ డేవిస్ వెళ్లిపోయి పాల్ జ్యూయెల్ వచ్చాడు, ఆ సీజన్‌లో ఆయన చేతిలో లీగ్ గెలుపు ఒక్కటీ లేదు. సౌతాంప్టన్ 2024-25లో 12 పాయింట్ల దగ్గర ఆగింది, రస్సెల్ మార్టిన్ తర్వాత ఇవాన్ యూరిచ్ వచ్చినా ఒరిగిందేమీ లేదు. అలాంటి జట్టులో మనిషి చేరాల్సిన చోటుకి చేరతాడు, చేరాక ఓడిపోతాడు. గీతలు ఎక్కువ, గోల్స్ కూడా ఎక్కువ. కాగితం దాచుకుంటే ఈ తేడా తెలుస్తుంది, జ్ఞాపకం మీద ఆధారపడితే తెలియదు.

రెండోది అంకెలు. జట్టు మొత్తం పరుగెత్తిన దూరం సుమారు 105 నుంచి 115 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. అది పెరిగిందని సంబరపడకండి: బంతి దొరక్క వెంటపడినా దూరం పెరుగుతుంది. పీపీడీఏ అనే లెక్క కొంచెం నయం. ప్రత్యర్థి తమ గోల్ వైపునుంచి మైదానంలో 60 శాతం భాగంలో వేసిన పాస్‌లను, అదే భాగంలో మనవాళ్లు చేసిన టాకిళ్లు, అడ్డుకోవడాలు, ఫౌళ్ల సంఖ్యతో భాగిస్తారు. 8, 10 వస్తే మీద పడుతున్నట్టు, 15 దాటితే వెనక్కి తగ్గి కూర్చున్నట్టు. అడుగు జట్టు కావాలనే కూర్చోవచ్చు, కాబట్టి 15 తప్పు కాదు. అదే కోచ్, అదే పద్ధతి, గోల్ తిన్నాక కూడా అది 11 నుంచి 18కి జారితే ఆలోచించాలి. ఎక్స్‌జీ (దొరికిన అవకాశాలకు ఎన్ని గోల్స్ రావాలన్న అంచనా) కూడా ఒక్క మ్యాచ్‌ది చూడకండి. ఒక పెనాల్టీ ఒక్కటే 0.75 పైన కలిపేస్తుంది, దాన్ని తీసేసి ఆరు మ్యాచ్‌ల సగటు కట్టండి.

మూడోది, అన్నిటికంటే పెద్దది: కోచ్ మారాక వచ్చే ఊపు. "చూశావా, పాతాయన పోగానే ఆడారు" అంటారు. ఎవరినైనా ఎప్పుడు పంపేస్తారు? వరసగా ఐదారు ఓడాక. అంత అడుక్కి పోయినవాళ్లు ఎవరు వచ్చినా, ఎవరూ రాకపోయినా కొంత పైకి వస్తారు. కొత్తాయన మొదటి నాలుగు మ్యాచ్‌లు ఎవరితో, ఎక్కడ అన్నది రాసుకోకుండా ఈ మాట అనకూడదు.

లెస్టర్ సంగతి దగ్గరగా చూడండి. 2016లో టైటిల్ గెలిపించిన కోచ్ రనియేరిని 2017 ఫిబ్రవరి 23న తీసేశారు. అప్పటికి ఆ ఏడాది లీగ్‌లో ఒక్క గోల్ కొట్టలేదు, వరసగా ఐదు ఓటములు, 17వ స్థానం. నాలుగు రోజుల తర్వాత ఆయన సహాయకుడు క్రెయిగ్ షేక్స్పియర్ చేతిలో లివర్‌పూల్‌ని 3-1తో కొట్టారు, వార్డీ రెండు, డ్రింక్‌వాటర్ ఒకటి. ఊరంతా "వెన్నుపోటు" అంది. జట్టు జాబితా చూస్తే ఇంకో కథ కనిపిస్తుంది: టైటిల్ గెలిచిన పదిమంది, వేరే క్లబ్బుకి వెళ్లిన కాంటే స్థానంలో ఎన్డిడి, ఆట పాత 4-4-2. అంటే కొత్తాయన కొత్తగా ఏమీ చెప్పలేదు, వాళ్లు ఒకప్పుడు నమ్మిందే తిరిగి ఇచ్చాడు. పరుగులు ఎందుకు తిరిగొచ్చాయో దీంతో అర్థమవుతుంది. రనియేరి మీద కక్ష ఉందా లేదా అన్నది బయటినుంచి తేలే విషయం కాదు, తేల్చక్కర్లేదు కూడా.

ఊపు ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే రెండు జట్లు పక్కపక్కన పెట్టండి. 2023లో ఎవర్టన్ లాంపార్డ్‌ని పంపి షాన్ డైచ్‌ని తెచ్చుకుంది. మొదటి మ్యాచ్‌లోనే పట్టికలో పైనున్న ఆర్సెనల్‌ని 1-0తో ఓడించింది, కార్నర్ నుంచి టార్కోవ్‌స్కీ తలతో. అయినా చివరిరోజు బోర్న్‌మౌత్ మీద డుకూరే గోల్ పడేదాకా గట్టెక్కలేదు, మొత్తం 36 పాయింట్లు. అంతకు ఏడాది ముందు అదే డైచ్‌ని బర్న్‌లీ ఎనిమిది మ్యాచ్‌లు మిగిలుండగా తీసేసింది. మైక్ జాక్సన్ చేతిలో వరసగా మూడు గెలిచింది, ఐనా చివరిరోజు పడిపోయింది. ఒకే మనిషి ఒకచోట మందు, ఇంకోచోట రోగం అయ్యాడు. నాలుగో మ్యాచ్ నుంచి లెక్క మొదలుపెడితే మోసపోరు.

కోచ్‌ని మార్చకుండా నిలబెట్టినప్పుడు కూడా చూడాలి. 2022 అక్టోబర్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వరసగా ఐదు ఓడి అట్టడుగున ఉంది. ఆ వేసవిలో 20 మందికి పైగా కొత్తవాళ్లు వచ్చారు. క్లబ్బు స్టీవ్ కూపర్‌ని తీసేయకుండా కొత్త కాంట్రాక్టు ఇచ్చింది. 38 పాయింట్లతో బయటపడ్డారు. "ఇంకో రెండు వారాల్లో పోయేవాడే" అనుకున్న కోచ్ మాట ఎవరూ వినరు. పోడని తెలిస్తే వింటారు. అందుకే యజమాని ఏం చేశాడో కూడా కాగితం మీద తేదీతో రాసుకోండి. ఎవరి కాంట్రాక్టు జూన్ 30తో అయిపోతుందో, ఎవరు వేరే క్లబ్బు నుంచి అప్పు మీద (లోన్) వచ్చారో పక్కనే రాయండి. సున్నాలన్నీ ఆ పేర్ల దగ్గరే పోగైతే అది కోచ్ గొడవ కాదు.

మన మైదానంలో

రాయగడలోనో గజపతి జిల్లా ఊళ్లలోనో టోర్నమెంట్‌లో ఈ పద్ధతి ఇంకా తేలిక, కెమెరా అడ్డం లేదు కాబట్టి. పక్క గీత దగ్గర నిలబడండి, గోల్ వెనక కాదు. అక్కడినుంచి వరసల మధ్య ఖాళీ సూటిగా కనిపిస్తుంది. అయితే ఇక్కడ మూడో గడి లెక్కలోకి తీసుకోకండి. పొద్దున్న కూలికో కాలేజీకో వెళ్లొచ్చి, ఎండలో రెండో మ్యాచ్ ఆడే కుర్రాడు 60వ నిమిషంలో నడిస్తే అది సార్ మీద అలక కాదు. మొదటి గడి, గోల్ తిన్నాక ఐదు నిమిషాలు, ఈ రెండూ చాలు. మీరే ఆ సార్ అయితే కాగితం కుర్రాళ్లకి చూపించేటప్పుడు సున్నాలున్న పేర్లు అందరిముందూ చదవకండి. ఏ చోట సున్నా పడిందో మైదానం బొమ్మ మీద చుక్క పెట్టి చూపండి, ఎవరిదో వాళ్లకే తెలుస్తుంది.

ఇంగ్లండ్ సీజన్ చివరి ఆదివారం పది మ్యాచ్‌లూ ఒకేసారి, మనకు రాత్రి 8:30కి. ఆరోజు కాగితం తియ్యకండి. పక్క మైదానం స్కోరు చూసుకుంటూ ఆడే ఆటలో గీతలూ సున్నాలూ ఏమీ చెప్పవు.