దవాఖానకు ముగ్గు పోయకముందే చూసుకోవలసినవి

ఊరికి పల్లె దవాఖాన మంజూరైందంటే అందరికీ సంతోషమే. ఆ సంతోషంలో "సర్కారు జాగా ఎక్కడ ఖాళీగా ఉంది?" అని ఒక్క మాట అడిగి, అక్కడే ముగ్గు పోసేస్తారు. నల్లగొండ, దేవరకొండ వైపు ఖాళీగా మిగిలిన జాగా అంటే చాలాసార్లు చెరువు శిఖమో (చెరువు నిండితే మునిగే నేల), వాగు ఒడ్డో అయి ఉంటుంది. అక్కడ ఇన్నేళ్లూ ఎవరూ ఇల్లు ఎందుకు కట్టుకోలేదో ముందు కనుక్కోవాలి.

మా ఊరి సబ్ సెంటర్ అట్లనే కుంట పక్కన కట్టారు. ఎండాకాలం చూస్తే నేల గట్టిగానే ఉంది. రెండో వానాకాలానికి కుంట నిండి గదుల్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. ఆ వారం ఏఎన్ఎం అక్క టీకాల డబ్బాను బడి వరండాలో బెంచీ మీద పెట్టుకుని పసిపిల్లలకు సూదులు వేసింది. బాలింతలు చెప్పులు చేత పట్టుకుని బురదలో నిలబడ్డారు. అందుకే జాగా చూడటానికి పోయేటప్పుడు చెరువు తూము చూసే నీరటిని, ఆ పక్కన పశువులు కాసే ముసలివాళ్లను వెంటబెట్టుకుపోండి. పెద్ద వాన పడ్డ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లు కట్టెతో గీసి చూపిస్తారు. ఆ తర్వాత చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే గీత, ఎక్కడుందో అధికారులతో కొలిపించి, కాగితం తీసుకోండి.

ఇంత చిన్న బిల్డింగుకు పర్యావరణ అనుమతి అడగరు. 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపై ఉన్న కట్టడాలకే అది కావాలి. కాబట్టి ఊరే కళ్లు తెరిచి చూసుకోవాలి.

దవాఖాన చెత్త సంగతి మాత్రం 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది, ఎంత చిన్న దవాఖానకైనా వర్తిస్తుంది. రక్తం అంటిన దూది పసుపు సంచిలో, సూదిలేని సిరంజీలు ఎరుపులో, సూదులను గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలం పెట్టెలో వేయాలి. వాటిని తీసుకుపోయే బండి ఏ రోజు వస్తుందో ముందే రాయించుకోండి. బండి రాని మారుమూల ఊరైతేనే రక్తం అంటిన దూది లాంటి పసుపు సంచి చెత్తను లోతు గుంతలో పూడ్చాలి. గుంత అడుగుకూ భూగర్భజలానికీ కనీసం 6 మీటర్ల ఎడం ఉండాలి. చెరువు పక్కన అది కుదరదు. మేకలు కాసే పిల్లవాడి కాలికి గుచ్చుకున్న సూదిని నేనే నా చేతులతో తీశాను. ఆ కుటుంబం పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

బోరు వేస్తే ఫ్లోరైడ్ పరీక్ష తప్పదు. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, కాచినా అది పోదు. మర్రిగూడ వైపు వంగిన నడుములను చూసిన జిల్లా మనది. మిషన్ భగీరథ నల్లా కనెక్షన్ ఎస్టిమేట్‌లోనే పెట్టించండి.

ఇక పోచమ్మ వేపచెట్టు, పీర్ల కొట్టం ముందు పీర్ల పండక్కి నిప్పులు వేసే అలావా గుంత, తండా పొలిమేరలో లంబాడాలు మొక్కే సీత్లా భవాని రాళ్లు, బతుకమ్మ చెరువుకు పోయే బాట. ఇవేవీ ప్లాన్ కాగితంలో కనిపించవు. చెట్టు అడ్డమొస్తే బిల్డింగునే నాలుగడుగులు జరపాలని నా గట్టి అభిప్రాయం. రాయి కదపక తప్పకపోతే, దానికి పూజ చేసేవాళ్లే వాళ్ల పద్ధతిలో కదపాలి, రాత్రిపూట జేసీబీ కాదు.

గ్రామసభలో ఆడవాళ్లు నోరు విప్పడం తక్కువ. ఆశా అక్కతో కలిసి వాడవాడకూ పోయి అడగండి. దళితవాడ నుంచి గర్భిణి ఎవరి వాకిలీ తొక్కకుండా, ఎవరి మాటా పడకుండా రాగలదా? పరీక్ష గది కిటికీ రచ్చబండ వైపు ఉందా? తండావాళ్లకు ఎంత నడక?

చివరగా ఆ జాగా నక్షాను పెద్దగా గీయించి, పంచాయతీ గోడకు వారం రోజులు అంటించండి. ఆ వారంలోనే ఎవరో ఒకరు దాని ముందు ఆగి, వేలు పెట్టి చూపించి, "ఇక్కడ మా తాత సమాధి ఉంది" అంటారు.