‘ట’ను జారిపోనివ్వకండి: కొరియా తారల సొంత సంగతులు మన ఫోన్‌లోకి వచ్చినప్పుడు

2023 డిసెంబర్ 27, బుధవారం. పొద్దున్నే ఆఫీసుకు బాక్సు కట్టుకుంటుంటే మా కొరియన్ తారల అభిమానుల గ్రూపులోని ఖమ్మం అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. “అక్కా, లీ సన్‌క్యూన్ ఇక లేరంట. నిజమేనా?”

కొరియన్ వార్తలు తెరిచి చూశాను. నిజమే. ‘పారసైట్’లో ఆ పెద్దింటి యజమానిగా చేసిన నటుడు. 48 ఏళ్ళు.

గిన్నె మూత పెట్టకుండానే స్టూలు మీద కూర్చుండిపోయాను. సుమారు నెల కిందట ఒక టీవీ ఛానల్ ఆయన ఫోన్ సంభాషణ బయటపెట్టింది. ఆయన మీద నడుస్తున్న మత్తుమందుల కేసుకు ఏ సంబంధమూ లేని ఆ మాటల్ని తెలుగులోకి తిప్పి, నాలుగు కార్డులు చేసి పేజీలో పెట్టింది నేనే. కొరియన్ వచ్చు, చేయి త్వరగా ఆడుతుంది, అందరికంటే ముందు పెట్టానని ఆ రోజు సంబరపడ్డాను కూడా. ఇప్పుడు గబగబా తీసేశాను. కానీ అవి అప్పటికే ఎన్ని వాట్సాప్ గ్రూపులు దాటాయో నాకేం తెలుసు? మధ్యాహ్నం మా పెద్దమ్మ కూతురు నాకే ఫార్వర్డ్ చేసింది, “చూశావా” అని. నా కార్డే. కింద నా పేజీ పేరు.

పగలు కూకట్‌పల్లిలో కూర్చుని కొరియన్ ఆఫీసు కాగితాలు అనువదించడం నా ఉద్యోగం. సాయంత్రాలు తెలుగు అభిమానుల కోసం పేజీ నడుపుతాను. ఆ రోజు తర్వాత నా పని తీరు మార్చుకున్నాను. మీరు పేజీ నడిపేవాళ్ళయినా, కాలేజీ గ్రూపులో ఫార్వర్డ్ చేసేవాళ్ళయినా, ఇందులో మీకు పనికొచ్చేవి ఉంటాయి.

ముందు ఇది ఎవరి సంగతో అడగండి

మనం అలవాటుగా మొదట అడిగేది “నిజమేనా అక్కా?” అని. నేను దాన్ని రెండో ప్రశ్నకు నెట్టేశాను. మొదటిది: ఇది మనం తెలుసుకోవాల్సిన సంగతేనా?

లీ సన్‌క్యూన్ విషయమే చూడండి. 2023 అక్టోబర్‌లో మత్తుమందుల కేసు బయటికొచ్చినప్పుడు తొలి వార్తలో పేరు లేదు, ‘టాప్ స్టార్ ఎల్’ అని మాత్రమే ఉంది. ఆ ఎల్ ఎవరో జనం ఇట్టే పట్టేశారు. ఇంచన్ పోలీసులు మూడుసార్లు పిలిపించారు. మూడుసార్లూ కెమెరాల వరస ముందు నిలబడి, తల వంచి, క్షమించమని చెప్పి లోపలికి వెళ్ళాడు. పరీక్షల్లో మత్తుమందు ఆనవాళ్ళు దొరకలేదు. మూడోసారి ఎవరికీ తెలియకుండా వస్తానని అడిగితే ఒప్పుకోలేదు. ఆ విచారణ 19 గంటలు సాగింది. అది అయిన నాలుగో రోజే ఈ వార్త.

మత్తుమందు వాడాడా లేదా అన్నది పోలీసుల పని, దాని మీద వార్త రావడం తప్పు కాదు. ఆయన ఫోన్‌లో ఎవరితో ఏ గొంతుతో మాట్లాడాడన్నది ఎవరికి కావాలి? 2024 జనవరి 12న దర్శకుడు బాంగ్ జూన్‌హో, ఇంకా కొందరు కళాకారులు సియోల్‌లో ప్రెస్ మీట్ పెట్టి అడిగిందీ ఇదే: విచారణ వివరాలు బయటికెలా పొక్కాయో తేల్చండి, జనం తెలుసుకునే హక్కుతో సంబంధం లేని వార్తలు తీసేయండి.

అలాగని “అది వాళ్ళ పర్సనల్” అనే మాటను అన్నిటికీ అడ్డం పెట్టకూడదు. 2019లో సియోల్‌లోని బర్నింగ్ సన్ అనే నైట్ క్లబ్బు గొడవ నుంచి తీగ లాగితే గాయకుడు జంగ్ జూన్‌యంగ్ చాట్‌రూమ్ బయటపడింది. ఆడవాళ్ళను వాళ్ళకు తెలియకుండా వీడియో తీసి స్నేహితులకు పంచాడు. అది నేరం, బయటికి రావాల్సిందే. అక్కడ కాపాడాల్సింది ఆ ఆడవాళ్ళ గుట్టు. కానీ ఆ వారం కొరియాలో జనం ఎగబడి వెతికింది ఆ వీడియోల కోసమే. ఆ కేసులో విలేకరికి సాయపడ్డవాళ్ళలో గాయని గూ హారా ఒకరు. మాజీ ప్రియుడు వీడియో బయటపెడతానని తననే బెదిరిస్తే కోర్టుకెక్కిన మనిషి ఆమె. 2019 నవంబర్‌లో ఆమె కూడా ఈ లోకం నుంచి వెళ్ళిపోయింది.

కాబట్టి నా కొలత ఇది. ఎవరికైనా హాని జరిగిందా, అధికారమో డబ్బో అడ్డం పెట్టుకుని చేసిన పనా, అయితే వార్త. హాని పొందిన మనిషి ఆనవాళ్ళు మాత్రం తీసేసి చెప్పాలి. ప్రేమ, విడిపోవడం, ఒళ్ళు రావడం, జబ్బుకు మందులు వాడటం, అమ్మానాన్నల అప్పులు, ఇవి నిజమైనా నా పేజీలోకి రావు.

‘ట’

మన భాషలో ఒక్క అక్షరం ఎంత పని చేస్తుందో కొరియన్ నేర్చుకున్నాకే నాకు బాగా తెలిసింది. “వచ్చాడు” అంటే నేను చూశాను. “వచ్చాడట” అంటే ఎవరో చెప్పారు, పూచీ నాది కాదు. కొరియన్‌లోనూ అచ్చం ఇలాంటిదే ఉంది: ‘వస్సొ’ అంటే వచ్చాడు, ‘వత్తే’ అంటే వచ్చాడట.

గాలివార్త ప్రయాణంలో మొట్టమొదట రాలిపోయేది ఈ ‘ట’. కొరియన్ పత్రికలో “విడిపోయినట్టు తెలిసింది” అని ఉంటుంది. ఇంగ్లీషు పేజీకి వచ్చేసరికి శీర్షిక పొట్టిగా ఉండాలి కదా, “విడిపోయారు” అవుతుంది. దాన్ని చూసి మనవాళ్ళు తెలుగులో థంబ్‌నెయిల్ చేసేసరికి “మోసం చేసి వదిలేశాడు” అవుతుంది. మోసం అన్న మాట మొదటి వార్తలో లేనే లేదు.

అందుకే ఏ వార్తయినా కొరియన్ మూలం దాకా వెళ్ళి చూడండి. భాష రాకపోయినా ఫోన్‌లో అనువాదం పెట్టుకుని, ఈ కొన్ని మాటల కోసం వెతికితే చాలు. శీర్షికకు ముందు బ్రాకెట్లో ‘దన్‌దోక్’ అని ఉంటే, ఆ ఒక్క పత్రికే చెబుతోందని అర్థం. ఇంకెవరూ సరిచూడలేదు. ‘యొరెసొల్’ని ఇంగ్లీషు పేజీలు డేటింగ్ న్యూస్ అని రాస్తాయి కానీ, చివరనున్న ‘సొల్’ అంటే వదంతి. ‘ఉయ్‌హోక్’ అంటే అనుమానం, నేరం రుజువైందని కాదు. ‘గ్వాన్‌గ్యెజా’ అంటే మన పత్రికల్లో “విశ్వసనీయ వర్గాలు” అంటారే, వాళ్ళు; పేరు లేని మనిషి. ఏజెన్సీ, అంటే తారల పనులు చూసే కంపెనీ, ‘హ్వగిన్ జుంగ్’ అంటే కనుక్కుంటున్నాం అని. ‘ససిల్ ముగున్’ అంటే అందులో బొత్తిగా నిజం లేదని.

ఏజెన్సీలు తరచుగా వాడే వాక్యం ఇంకొకటి ఉంది: “నటుడి సొంత జీవితం కాబట్టి నిర్ధారించడం కుదరదు.” చాలామంది దీన్ని “ఒప్పేసుకున్నట్టే” అని చదువుతారు. అలా చదవకండి. తలుపు మూసి ఉందని చెబుతున్నారు, అంతే.

మూలంలో ‘ట’ ఉంటే మీ తెలుగులోనూ ‘ట’ ఉండాలి. పెట్టాక ఆ వాక్యం చప్పగా ఉందనిపిస్తే ఆ వార్తలో అంతకు మించి సరుకు లేదని అర్థం, వదిలేయండి. నేను దేన్నయినా ఒక రాత్రి ఆపి మర్నాడు చూస్తాను. సగానికి సగం మర్నాటికి పెట్టాలనే అనిపించదు.

ప్రేమ వార్తలు

2024 ఫిబ్రవరిలో ఎస్పా అనే పాటల గ్రూపు గాయని కరీనా, నటుడు లీ జేవూక్ ప్రేమలో ఉన్నారని తారల వార్తలు వేసే డిస్పాచ్ ఫొటోలు వేసింది. ఏజెన్సీలు అవునన్నాయి. ఆ తర్వాత కరీనా ఏజెన్సీ ఎస్ఎమ్ ముందుకు ఎల్‌ఈడీ తెర బిగించిన లారీ వచ్చింది, అభిమానుల ప్రేమ నీకు చాలలేదా అని అడుగుతూ. వారానికల్లా 23 ఏళ్ళ ఆ అమ్మాయి చేత్తో ఉత్తరం రాసి క్షమాపణ చెప్పింది. నెల తిరిగేసరికి ఇద్దరూ విడిపోయారు. అదే సంవత్సరం అక్టోబర్‌లో అదే ఎస్ఎమ్‌కు చెందిన రైజ్ గ్రూపులోకి గాయకుడు సుంగ్‌హాన్ తిరిగి వస్తున్నాడని ప్రకటిస్తే, అభిమానులు కంపెనీ భవనం ముందు చావుకు పంపే పూలదండలు వందల కొద్దీ పేర్చారు. అతను తొలిసారి ఆగిపోవాల్సి వచ్చింది ఇంకా తారగా రాకముందు, ట్రైనీగా శిక్షణలో ఉన్నప్పటి సొంత ఫొటోలు బయటికి పొక్కినందుకు. ప్రకటన వచ్చిన రెండు రోజులకే తప్పుకున్నాడు.

బతికున్న పిల్లవాడికి చావు పూలు. ఆ ఫొటో చూసి నాకు అన్నం సయించలేదు.

“అక్కా, మనం హైదరాబాద్‌లో ఉండి ఏం చేయగలం” అంటారు. చేయగలం. ఇలాంటప్పుడు “వివరణ ఇవ్వాలి” అనే హ్యాష్‌ట్యాగులు దేశదేశాల నుంచి వస్తాయి, వాటిలో మన లెక్కా ఉంటుంది. వాటిలో చేరకండి. జంట ఫొటోలను జూమ్ చేసి చెప్పులు, బ్రేస్‌లెట్లు సరిపోల్చే వీడియోలు చూడకండి. మీరు చూసిన ప్రతిసారీ అది ఇంకొకరికి వెళుతుంది. బాధ అనిపిస్తే స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పుకోండి. ఆ బాధ అబద్ధమని నేను అనను. దాన్ని తీసుకెళ్ళి ఆ అమ్మాయి కళ్ళ ముందు పెట్టొద్దంటున్నాను.

బూతులు, అబద్ధాలు కనిపిస్తే

కొరియాలో వీటిని ‘అక్‌పుల్’ అంటారు. 2019 అక్టోబర్‌లో గాయని, నటి సల్లీ చనిపోయాక, ఆ నెలాఖరుకే దౌమ్ అనే వార్తల పోర్టల్ సినిమా, టీవీ వార్తల కింద కామెంట్లు మూసేసింది. 2020 మార్చిలో నేవర్ అనే మరో పోర్టల్ కూడా మూసింది. కానీ ఆ నోళ్ళు యూట్యూబ్‌కి తరలిపోయాయి.

మీరు చేయగలిగింది ఇది. జవాబివ్వకండి. తిట్టినా సరే, మీ జవాబుతో ఆ కామెంట్ పైకి వస్తుంది. స్క్రీన్‌షాట్ తీయండి, అందులో లింకు, తేదీ, ఖాతా పేరు కనిపించాలి. కామెంట్ ముక్క ఒక్కటే కత్తిరిస్తే ఎందుకూ పనికిరాదు. దాన్ని ఏజెన్సీకి పంపండి. హైబ్, ఎస్ఎమ్ లాంటి పెద్ద ఏజెన్సీలకు ఇలాంటి ఫిర్యాదులకే వేరే పేజీలున్నాయి. పంపాక మీ గ్రూపులో మళ్ళీ పెట్టకండి, “చూడండి ఎంత ఘోరమో” అని కూడా. ఆ ఘోరం చేరని వాళ్ళకు చేర్చేది మనమే అవుతాం.

పేరు దాచుకుంటే దొరకమనుకునేవాళ్ళకు ఒక సంగతి. ఐవ్ గ్రూపు గాయని జాంగ్ వన్‌యంగ్ మీదా, మరికొందరి మీదా అబద్ధాల వీడియోలు చేసి అమ్ముకున్న ఒక యూట్యూబర్ ఎవరో మొదట ఎవరికీ తెలీదు. అమెరికా కోర్టు ద్వారా గూగుల్ నుంచి వివరాలు రాబట్టారు. 2025 జనవరిలో ఇంచన్ కోర్టు రెండేళ్ళ జైలు వేసి, దాన్ని మూడేళ్ళు నిలిపి ఉంచి, సంపాదించిన దాంట్లో సుమారు 21 కోట్ల వొన్‌లు (కొరియా డబ్బు) కట్టమంది.

అక్కడి చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఆన్‌లైన్‌లో పరువు తీయాలని చెబితే నిజం చెప్పినా నేరమే: మూడేళ్ళ దాకా జైలు లేదా 3 కోట్ల వొన్‌ల జరిమానా. అబద్ధమైతే ఏడేళ్ళు, 5 కోట్లు. నిజం చెప్పినవాళ్ళ మీద కేసంటే నాకు మనసొప్పదు. దెబ్బతిన్న ఆడపిల్లల నోరు నొక్కడానికీ అది వాడతారు. నిజం చెప్పి పరువు తీయడం నేరమనే క్రిమినల్ చట్టంలోని సెక్షన్‌ను 2021లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఐదుగురు న్యాయమూర్తులు అవునని, నలుగురు కాదని నిలబెట్టింది. చట్టం సంగతి అలా ఉంచినా, నిజమైనంత మాత్రాన చాటింపు వేసే హక్కు వచ్చేయదని నా నాలుగు కార్డులే నాకు నేర్పాయి. వాటిలో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

కొరియా వెళ్తే

చదువుకనో చూడ్డానికనో వెళ్ళే మనవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. కచేరీకి వెళ్ళండి, పాప్-అప్ షాపులకు వెళ్ళండి. ఇంటి అడ్రసు ఎవరైనా చెప్పినా వెళ్ళకండి. వెంటబడే అభిమానుల్ని అక్కడ ‘ససేంగ్’ అంటారు, ఆ మాటకు మూలం సొంత జీవితం అనే. 2021 అక్టోబర్ నుంచి వెంటబడటం మీద విడిగా చట్టం ఉంది, మూడేళ్ళ దాకా జైలు. విమానం నంబరు అమ్ముతామనే ఖాతాలుంటాయి, కొనకండి. పక్క సీట్లలో ఎక్కి కూర్చుంటున్నారనే తాము ప్రత్యేక విమానం వాడుతున్నామని బీటీఎస్ గ్రూపులోని ‘వి’ ఒకసారి లైవ్‌లో చెప్పుకున్నాడు. అదే గ్రూపులోని జంగ్‌కుక్ అయితే తన ఇంటికి తిండి పంపొద్దని 2023లో బతిమాలుకున్నాడు. పంపినవాళ్ళు ప్రేమతోనే పంపి ఉంటారు. కానీ తన ఇల్లు ఎక్కడో అపరిచితులందరికీ తెలుసని ప్రతి పార్సిలూ అతనికి గుర్తుచేస్తుంది.

మరణవార్త అయితే

ఆత్మహత్య అయితే, ఎలా జరిగిందో రాయకండి. చోటు, ఉత్తరం, ఆఖరి ఫొటో, ఏదీ వద్దు. “అందుకే చేసుకున్నాడు” అని ఒక్క కారణం కట్టబెట్టకండి. పేరు, వయసు, ఆయన పని, ఇంతే చాలు. కింద మన దేశంలో మానసిక సాయానికి ఉన్న టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 పెట్టండి, తెలుగులో మాట్లాడతారు. కొరియాలో ఉన్నవాళ్ళకు ఇలాంటి నంబరు 109.

పోస్టు పెట్టి ఊరుకోకండి. గ్రూపులో ఎవరు గప్‌చుప్ అయిపోయారో చూడండి. ఆ బుధవారం సాయంత్రం దాకా ఖమ్మం అమ్మాయి నుంచి మళ్ళీ మెసేజ్ లేదు. ఎనిమిదింటికి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారి ఎత్తింది. ఏడుస్తోంది. “అక్కా, మీరు పెట్టిన ఆ కార్డు నేనూ స్టేటస్ పెట్టుకున్నాను” అంది. నేనూ పెట్టాను కదమ్మా అన్నాను. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నం తిన్నావా అని అడిగాను. లేదంది. లేచి తినిరా, ఫోన్ పెట్టను, లైన్లోనే ఉంటానన్నాను. కంచం చప్పుడు వినిపించేదాకా ఉన్నాను.