సర్వపిండి: మాడకుండా, విరగకుండా

సర్వ అనే గుండ్రటి లోతు గిన్నెలో బియ్యప్పిండి ఒత్తి కాల్చే సర్వపిండి చెడేది కలిపేటప్పుడు కాదు, ఒత్తేటప్పుడూ కాల్చేటప్పుడూ. కాబట్టి కలపడం గబగబా చెప్పేస్తాను.

గిర్నిలో పట్టించిన బియ్యప్పిండి 2 కప్పులు, గంటసేపు నానిన శనగపప్పు 3 చెంచాలు, వేయించి బరకగా దంచిన పల్లీలు పావు కప్పు, నువ్వులు 2 చెంచాలు, కరివేపాకు, గుప్పెడు ఉల్లాకు, ఉప్పు. కారంపొడి వద్దు. 6 పచ్చిమిరపకాయలు, 5 ఎల్లిపాయ రెబ్బలు, చెంచా జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి వేయాలి. నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండి కన్నా మెత్తగా కలపండి. సొరకాయ తురుము వేస్తే ముందు దాని తడితోనే కలిపి, చాలకపోతేనే నీళ్లు.

ఇక అసలు పని. మందపాటి సర్వ తీసుకోండి. అది చల్లగా ఉండాలి. వేడి సర్వలో పిండి తగిలిన చోటే పట్టుకుంటుంది, సాగదు. మందంగా ఉన్నచోట పచ్చి, పలచగా ఉన్నచోట మాడు. 2 చెంచాల నూనె రాసి, ముద్దను తడి వేళ్లతో నడుమ నుంచి పక్కలకు ఒత్తుకుంటూ పోండి. అడుగు పైకి తిరిగే వంపు దగ్గర పిండి పేరుకుంటుంది. చాలామందికి పచ్చిగా మిగిలేది అక్కడే. వేలితో తడిమి చూసి పైకి తోయండి. మందం రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, అంతే.

వేలితో ఐదారు బొక్కలు పెట్టి, ఒక్కోదాంట్లో నాలుగు చుక్కల నూనె వేయాలి. బొక్కలు అందానికి కాదు. నూనె అడుక్కి దిగేదీ, ఆవిరి పోయేదీ వాటిలోంచే. లేకపోతే నడుమ ఉబ్బి తెల్లగా ఉండిపోతుంది.

మూతపెట్టి సన్నసెగ మీద 10–12 నిమిషాలు. ఆకలేస్తోందని మంట పెంచారో, అడుగు బొగ్గు, పైన పచ్చిపిండి. నడుమ నడుమ పట్టకారుతో సర్వను వంచి పక్కలకూ సెగ తగలనివ్వండి. చివర మూత తీసి 2 నిమిషాలు ఉంచాలి. అంచులు వాటంతటవే సర్వను వదలాలి. అంతకుముందే అట్లకాడ పెడితే ముక్కలే చేతికొస్తాయి. తిరగేయొద్దు. కింద ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి. చదునైన నాన్‌స్టిక్ పెనం మీద ఈ తీరు రాదు, అందుకే అది వద్దనేది. చదునుగా కాల్చింది బియ్యప్పిండి రొట్టె అవుతుంది గానీ సర్వపిండి కాదు.

రెండోది పాడయ్యేది మొదటి దాని వేడి వల్లే. వేళ్లు కాలుతుంటే ఎవరు మాత్రం సరిగ్గా ఒత్తుతారు? సర్వను కాసేపు ఆగి బోర్లించి, అడుగు మీద నీళ్లు పోసి, తడి తుడిచి మళ్లీ నూనె రాయండి. రెండు సర్వలు మార్చిమార్చి వాడితే ఇంకా నయం.

దించినవి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, ఆవిరికి అడుగు మెత్తబడుతుంది. జల్లెడ మీద విడివిడిగా ఆరనివ్వండి.