గువ్వలచెరువు కనుమలో కారు నడిపే పద్ధతి

కడప నుండి రాయచోటికి వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి పాలకొండలను గువ్వలచెరువు కనుమ మీదుగా దాటుతుంది. ఎర్రచందనం పెరిగే ఈ కొండల అందం చూడదగినదే గాని, ఆ చూపు పక్కన కూర్చున్నవారిదే కావాలి. ఫొటో తీసుకోవాలనుకుంటే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట, మలుపుకు బాగా దూరంగా బండి నిలపాలి.

ఎక్కేటప్పుడు కావలసింది ఓర్పు. ముందు బరువు లారీ ఉంటే ఎదుటి దారి పూర్తిగా కనిపించేవరకు దాని వెనుకనే, తగినంత ఎడంతో సాగాలి. ఇంజను వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపివేయాలి. ఇరుకుచోట ఎదురుపడినప్పుడు, ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది నియమం.

అసలు జాగ్రత్త రాయచోటి వైపు నుండి కడపకు దిగేటప్పుడు అవసరం. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగడం చాలామందికి అలవాటు. ఆ కాస్త సమయంలోనే బ్రేకు పెడలు గట్టిగా నొక్కిపట్టి, అది మెత్తగా కిందికి జారిపోతోందేమో చూసుకోవాలి. వాలు మొదలవకముందే రెండో గేరులోకో మూడో గేరులోకో మారాలి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్న లారీ డ్రైవర్ల మాట కార్లకూ వర్తిస్తుంది. ఆటోమేటిక్ కారులో చిన్న గేరులో ఉంచే ఎల్ స్థానం గానీ మాన్యువల్ పద్ధతి గానీ ఎంచుకోవాలి.

కారణం సులభంగానే అర్థమవుతుంది. ఒకటిన్నర టన్నుల కారు 300 మీటర్ల ఎత్తును కేవలం బ్రేకులతో దిగితే పుట్టే వేడి దాదాపు 15 లీటర్ల చన్నీళ్లను మరిగే స్థాయికి తేగలదు. ఆ వేడికి బ్రేకు పట్టు సడలుతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల వరకు మరగదు గాని, తేమ పీల్చుకున్న పాత ఆయిల్ 140 డిగ్రీల దగ్గరే మరిగి, గొట్టాల్లో ఆవిరి చేరి, పెడలు నొక్కినా బ్రేకు పడని పరిస్థితి తెస్తుంది. చిన్న గేరులో యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజనును తిప్పవలసి వచ్చి, బండి తనంతట తాను నెమ్మదిస్తుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారు ఈ ఆసరానే వదులుకుంటున్నారు. ఇంజను కూడా ఆపివేస్తే బ్రేకు, స్టీరింగు రెండూ బరువెక్కుతాయి. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. బ్రేకును అదేపనిగా తొక్కిపట్టకుండా, మలుపుకు ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వెంటనే వదలాలి.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు కొండరాళ్లు రోడ్డు మీదికి జారవచ్చు కాబట్టి, ఆ రోజుల్లో పగటిపూటే దాటడం మంచిది.

బ్రేకు పట్టకపోతే పెడలును వదిలి వదిలి తొక్కుతూ, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకును మెల్లగా లాగాలి. తప్పనిసరైతే లోయ వైపు పోనివ్వక కొండ వైపు ఒరిపించాలి. కాలిన వాసన వస్తే మాత్రం అంతదాకా రానివ్వకుండా, వెడల్పైన చోట ఆపి, రివర్స్ గేరులో ఉంచి, చక్రాలకు రాయి అడ్డుపెట్టి, బ్రేకులు చల్లారేవరకు ఆగాలి. వేడి డిస్కుల మీద నీళ్లు పోస్తే అవి వంకరపోవచ్చు. బయలుదేరేటప్పుడు ఆ రాయిని రోడ్డు పక్కకు తీసివేయాలి. చీకట్లో వచ్చే ద్విచక్రవాహనానికి అది కనిపించదు.