మలేరియా సోకిన జాడ: ఎండిన రక్తపు చుక్కతో యాంటీబాడీ పరీక్ష

జ్వరంతో వణుకుతున్న మనిషికి ఈ పరీక్ష చేయకండి. యాంటీబాడీలు రక్తంలో కనబడడానికి వారం పది రోజులైనా పడుతుంది. ఒకసారి వచ్చాక పరాన్నజీవి పోయినా నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతాయి. జ్వరానికి రక్తపు పూత గాని, ర్యాపిడ్ కిట్ గాని వాడాలి. (ఆ కిట్ కూడా యాంటీబాడీలనే చూస్తుందని చాలామంది పొరబడతారు. అది వెతికేది పరాన్నజీవి ప్రోటీన్‌ను.) యాంటీబాడీ పరీక్ష పనికొచ్చేది రక్తదాతల వడపోతకు, మలేరియా వల్లే ప్లీహం బాగా పెరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు, అన్నిటికన్నా ముఖ్యంగా సర్వేలకు. ఇక్కడ చెప్పేది సర్వేలో వాడే ఎలైజా పద్ధతి, అంటే చిన్న గుంటలున్న ప్లేటులో వచ్చే రంగును బట్టి యాంటీబాడీలను కొలవడం.

వేలిని స్పిరిట్‌తో తుడిచి, తడి ఆరాకే లాన్సెట్ గుచ్చండి. మొదటి చుక్కను దూదితో తీసేయండి. రెండో చుక్కను బాగా ఊరనిచ్చి, రక్తపు చుక్కలు పట్టే వాట్‌మన్ 903 కాగితం మీది వలయానికి తాకించండి. వేలిని రుద్దొద్దు, కాగితమే పీల్చుకోవాలి. ఒక వలయం నిండడానికి సుమారు 50 మైక్రోలీటర్లు పడుతుంది. కాగితం తిప్పి చూస్తే వెనక కూడా అదే ఎరుపు, దాదాపు అదే వెడల్పు ఉండాలి. చాలలేదని చుక్క మీద చుక్క వేస్తే రక్తం పొరలుగా పేరుకుంటుంది. అప్పుడు కత్తిరించిన ముక్కలో ఎంత రక్తం ఉందో ఎవరూ చెప్పలేరు.

ఎక్కువ శాంపిళ్లు పాడయ్యేది ఆరబెట్టే దగ్గరే. నీడలో, ఈగలు వాలకుండా, రాత్రంతా ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, వేడిగాలి తగలనివ్వొద్దు. ఆరాక ఒక్కో కాగితాన్ని విడిగా జిప్ కవర్లో సిలికా జెల్‌తో పెట్టి, మైనస్ 20 డిగ్రీల్లో దాచండి. బయటికి తీసినప్పుడు కవర్‌ను వెంటనే తెరవకండి. గది వేడికి రాకముందే తెరిస్తే కాగితం మీద చెమ్మ పట్టి, అంతవరకూ పడ్డ శ్రమ వృథా.

3 మిల్లీమీటర్ల పంచ్‌తో తీసిన ముక్కలో దాదాపు 1.5 మైక్రోలీటర్ల సీరం ఉంటుంది. దాన్ని 0.05 శాతం ట్వీన్ (ఒక డిటర్జెంట్) కలిపిన 150 మైక్రోలీటర్ల పీబీఎస్ అనే ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంలో రాత్రంతా మెల్లగా ఊపుతూ నానబెడితే 1:100 ద్రావణం వస్తుంది. ఒకదాని రక్తం ఇంకోదానికి అంటకుండా, శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య ఖాళీ కాగితం మీద ఒకసారి పంచ్ కొట్టండి. పొద్దున ముక్క తెల్లబడి, ద్రావణం ఎర్రగా ఉండాలి. ముక్క ఇంకా ముదురు గోధుమ రంగులోనే ఉంటే రక్తం చెమ్మకో వేడికో గట్టిపడిపోయిందన్నమాట. ఆ శాంపిల్‌ను లెక్కలోంచి తీసేయండి.

గుంటల్లో ముందుగా పూసేది యాంటిజెన్, అంటే యాంటీబాడీ పట్టుకునే పరాన్నజీవి ప్రోటీన్. ఫాల్సిపరం రకం మలేరియాకు ఎంఎస్‌పీ-1 ప్రోటీన్‌లోని 19 కిలోడాల్టన్ల ముక్క, ఏఎంఏ-1 ప్రోటీన్ నమ్మదగిన యాంటిజెన్లు. వైవాక్స్ రకానికి దాని యాంటిజెన్లు వేరుగా పెట్టాలి, లేకపోతే ఆ కేసులు చేజారతాయి. సీఎస్‌పీ (దోమ ఎక్కించే దశలో పరాన్నజీవి పైన ఉండే ప్రోటీన్) విషయంలో జాగ్రత్త. ఆర్‌టీఎస్,ఎస్, ఆర్21 అనే మలేరియా టీకాల్లో ఉన్నది అదే ప్రోటీన్ కాబట్టి, టీకా పడిన పిల్లల్లో అది దోమకాటు గురించి ఏమీ చెప్పదు.

పీహెచ్ 9.6 కార్బొనేట్ బఫర్‌లో మిల్లీలీటరుకు 0.5 మైక్రోగ్రాముల యాంటిజెన్ కలిపి, గుంటకు 50 మైక్రోలీటర్లు పోసి, రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచండి. మూడుసార్లు కడిగి, 1 శాతం వెన్నతీసిన పాలపొడి ద్రావణంతో 3 గంటలు బ్లాక్ చేయండి, అంటే గుంటలో మిగిలిన ఖాళీ చోట్లు మూసేయండి. 1:100 ద్రావణం 12 మైక్రోలీటర్లకు 108 బఫర్ కలిపితే 1:1000 అవుతుంది, రెండు గుంటలకు సరిపోతుంది. గుంటల్లో పోశాక మళ్లీ రాత్రంతా 4 డిగ్రీలే. ఐదుసార్లు కడిగి, పెరాక్సిడేజ్ ఎంజైమ్ తగిలించిన యాంటీ హ్యూమన్ ఐజీజీ (మనిషి యాంటీబాడీని పట్టుకునేది), తర్వాత టీఎంబీ (ఆ ఎంజైమ్ తగిలితే రంగు మారే రసాయనం) పోయండి. నీలం రంగు తిరిగాక ఆమ్లంతో ఆపి, 450 నానోమీటర్ల దగ్గర చదవండి. ప్లేటంతా రంగు రాకపోతే ముందు అనుమానించాల్సింది అజైడ్‌ను. బఫర్ చెడకుండా వేసే ఆ మందు పెరాక్సిడేజ్‌ను చంపేస్తుంది.

జంట గుంటల రీడింగులు ఒకటిన్నర రెట్లకు మించి తేడా వస్తే మళ్లీ చేయండి. ప్రతి ప్లేటులో ఒకే స్టాండర్డ్ సీరం పెట్టకపోతే ఒక ప్లేటు రీడింగును ఇంకోదానితో పోల్చడానికి వీల్లేదు. ఎంత దాటితే పాజిటివ్ అనాలో చెప్పే కటాఫ్‌కు మలేరియా ఎన్నడూ తగలని మనుషుల సీరం తీసుకుని, వాటి రీడింగుల సగటుకు మూడు ప్రామాణిక విచలనాలు కలుపుతారు.

ఏడాదిలోపు పిల్లల్ని వదిలేయండి, వాళ్లలో కనిపించేవి తల్లి యాంటీబాడీలు కావచ్చు. మిగిలినవాళ్లను వయసు వారీగా విడదీయండి. పదేళ్లలోపు పిల్లల్లో పాజిటివ్‌లు దాదాపు లేకుండా, ఇరవై దాటినవాళ్లలో ఒక్కసారిగా పెరిగితే, ఆ పిల్లలు పుట్టే నాటికే అక్కడ వ్యాప్తి తగ్గిందని అనుకోవచ్చు.